కాలువలు లేని ఆనకట్ట

గంటకు 65 రూపాయలు. కృత్రిమ మేధపై పరిశోధన చేయదలచినవారికి కేంద్రప్రభుత్వము అందుబాటులోనికి తెచ్చిన యంత్రకాలపు వెల యిది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గము 'ఇండియా ఏఐ మిషన్' అను పథకమును ఆమోదించి, అయిదేండ్ల కాలమునకు 10,371.92 కోట్ల రూపాయలు కేటాయించినది. మొదట 10,000 పరికరములను సమకూర్పవలెనని సంకల్పించిరి. 2025 చివరకు ఆ సంఖ్య 38,000 వరకు పెరిగినది. విశ్వవిద్యాలయములు, చిన్న సంస్థలు, పరిశోధకులు, విద్యార్థులు దరఖాస్తు పెట్టుకొని ఈ యంత్రములను గంటల లెక్కన వాడుకొనవచ్చును. అద్దెలో నూటికి 40 వంతుల వరకు ప్రభుత్వమే భరించును.

ఈ యంత్రము చేయు పని యేమో ఉపాధ్యాయులు తరగతిలో చెప్పవలసివచ్చినచో ఇట్లు చెప్పవచ్చును. జీపీయూ అని పిలువబడు ఈ పరికరము కంప్యూటరు ఆటలలోని బొమ్మలను తెరపై చిత్రించుటకు పుట్టినది. ఒక బొమ్మలో లక్షల చుక్కలుండును. ప్రతి చుక్కకు రంగు లెక్కింపవలెను. ఒకదాని తరువాత నొకటిగా లెక్కించుచు కూర్చున్నచో ఆట ముందుకు సాగదు. అందుచేత వేలకొలది చిన్నలెక్కలను ఏకకాలమున చేయునట్లు దానిని నిర్మించిరి. భాషను నేర్చు యంత్రములకును సరిగా ఇట్టి లెక్కలే కావలసివచ్చినవి. వాక్యములో తరువాతి మాట యేదియో ఊహించుట, ఊహ తప్పినపుడు తనలోని కోట్లకొలది అంకెలను కొంచెము కొంచెముగా సవరించుకొనుట, మరల ఊహించుట: ఈ పునశ్చరణమే దాని విద్యాభ్యాసము. ఉత్తమశ్రేణి పరికరము ఒక్కటియే లక్షల రూపాయల వెల గలది. పెద్ద భాషాయంత్రమునకు శిక్షణ నిచ్చుటకు అట్టివి వందలు, వేలు కావలెను. ఒక కళాశాల కాదు గదా, ఒక విశ్వవిద్యాలయము కూడ ఒంటరిగా భరింపగల వ్యయము కాదిది. కనుక ఉమ్మడిగా సమకూర్చి పదిమందికి పంచుట వివేకవంతమైన పని.

ఐనను, యంత్రములెన్ని యను ప్రశ్నకు జవాబు దొరకిన తరువాత వేరొక ప్రశ్న మిగిలియున్నది. గుడివాడలోనో అవనిగడ్డలోనో డిగ్రీ చదువుచున్న విద్యార్థి యొకడు, తన ఊరి రైతుల పలుకుబడిని గుర్తింపగల యంత్రమును చేయదలచినాడనుకొందము. గంటకు 65 రూపాయలు అతడు కూడబెట్టుకొనగలడు. కాని ఆ యంత్రమునకు వినిపించుటకు ఆ రైతుల మాటలు ఎక్కడ భద్రపరుపబడియున్నవి? ఆ మాటలను విని, తప్పులు లేక వ్రాసిపెట్టిన ప్రతి యేది? దరఖాస్తు వ్రాయుటలో, పని ఆరంభించుటలో చేయిపట్టి నడిపించువారెవరు? ఈ మూడింటికి జవాబు లేనంతకాలము ఆ 65 రూపాయల వెల అతనికి వార్తాపత్రికలోని అంకె మాత్రమే.

కృష్ణా డెల్టా ప్రజలకు ఈ తారతమ్యమును బోధింప నక్కరలేదు. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను డొక్కల కరవు కబళించినది. అటువంటి కరవులు మరల రాకుండుటకు ఆర్థర్ కాటన్ ప్రభృతులు చేసిన ప్రయత్నముల ఫలితముగా బెజవాడ, సీతానగరముల నడుమ ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో పూర్తియైనది. అది నదిలో నీటిమట్టమును పెంచినది. కాని చేలలో వరి పండుటకు ఏలూరు కాలువ, బందరు కాలువ మొదలైనవి త్రవ్వవలసివచ్చినది. వానినుండి పంటకాలువలు చీలవలసివచ్చినది. పొలముగట్ల వెంబడి బోదెలు సాగవలసివచ్చినది. లాకులు ఏర్పడినవి, లాకులకు లస్కర్లు ఏర్పడిరి, నీటితీరువా ఏర్పడినది, వంతుల తగవులును ఏర్పడినవి. 1952లో పాత ఆనకట్ట తెగిపోగా, 1957 నాటికి ప్రకాశం బ్యారేజి దాని స్థానమున నిలిచినది. కాలువల వ్యవస్థ మాత్రము అదే కొనసాగినది. ఈనాటికిని కాలువ చివర శివారు భూముల రైతు బ్యారేజి వద్ద నీటిమట్టము ఎన్ని అడుగులని అడుగడు. తన బోదెలోనికి నీరెపుడు దిగునని అడుగును.

ఈ ఉపమానమును ఇంతకుమించి లాగరాదు. నీరెక్కడనైనను నీరే. కృత్రిమ మేధకు వేయు మేత మాత్రము భాష భాషకును వేరు. ఆ మేతను పాఠ్యపుస్తకములు దత్తాంశమనియు, లోకము డేటా అనియు వ్యవహరించుచున్నవి.

విద్యార్థులు స్వయముగా చేసి చూడదగిన చిన్న లెక్క యొకటి కలదు. కంప్యూటరులో అక్షరములను దాచుటకు ప్రపంచమంతట వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు చాలును. తెలుగు లిపిలోని ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు కావలెను. 'అమ్మ' అను మాటలో అకారము, మకారము, పొల్లు, మరల మకారము, వెరసి నాలుగు సంకేతములు గలవు. మొత్తము 12 బైట్లు. అదే మాటను ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో 4 బైట్లు. ఇది మన లిపి చేసిన నేరము కాదు. సంకేతముల పట్టిక తయారైనపుడు ముందువరుసలో ఎవరు కూర్చుండిరను దానికి సంబంధించిన చరిత్ర. అసలు చిక్కు దీని తరువాత వచ్చును. భాషాయంత్రము వాక్యమును ముక్కలుగా కోసి చదువును. ఎచ్చట కోయవలెనో తనకు వడ్డించిన రాశినిబట్టి ముందుగనే నిర్ణయింపబడును. రాశిలో ఇంగ్లీషు విస్తారముగా నున్నపుడు ఇంగ్లీషు మాట తరచుగా ఒకే ముక్కగా నిలుచును, తెలుగు మాట తునాతునకలగును. ముక్కలెక్కువైనకొలది యంత్రము చేయవలసిన లెక్కలెక్కువ, లెక్కలెక్కువైనకొలది వ్యయమెక్కువ. అదే ప్రశ్నను తెలుగులో అడిగినవాడు ఎక్కువ చెల్లించి, చాలసార్లు తక్కువరకము జవాబు పొందుచున్నాడు. తెలుగు సమృద్ధిగా నున్న రాశిపై కోత నేర్చిన యంత్రమునకు 'అమ్మ' ఒకే ముక్క కాగలదు. కావలసినది ఆ రాశి.

అట్టి రాశిని కూర్చుటకు తెలుగువారు యత్నింపలేదని చెప్పరాదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిన రాజ్ రెడ్డి, పదిలక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కింపవలెనను ఉద్యమమును ఈ శతాబ్దారంభముననే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము నుండి నడిపిరి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అందులో ప్రధానపాత్ర వహించినవి. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' అను పేర వేలకొలది తెలుగు గ్రంథముల పుటలు ఛాయాచిత్రములై జనులకు ఉచితముగా దొరకినవి. ఎన్నడో ముద్రణ నిలిచిపోయిన శతకములు, వ్యాకరణములు, పాత పత్రికల సంపుటములు మారుమూల పల్లెలోని పండితునికి ఇంట కూర్చుండగనే లభించినవి. ఏండ్లు గడచినవి. దశాబ్దము క్రిందట ఆ ద్వారము మూతపడినది. హక్కుల తగవులు కొంత, పోషణ లేమి కొంత. ముందుచూపుగల కొందరు స్వచ్ఛందముగా ప్రతులను తీసి ఇంటర్నెట్ ఆర్కైవులో భద్రపరచుటచేత ఆ గ్రంథములలో చాలభాగము నేటికిని దొరకుచున్నవి. ప్రజాధనముతో నిర్మించిన నిధి పరుల దయచే దక్కుట సంతోషింపదగినదే గాని గర్వింపదగినది కాదు.

దక్కినవి కూడ ఛాయాచిత్రములే. పుట బొమ్మను చూచి మనుష్యుడు చదువగలడు. యంత్రమునకు శిక్షణ నిచ్చుటకు ఆ బొమ్మలోని అక్షరములను అక్షరములుగా మార్చవలెను. ఈ మార్పును చేయు యంత్రములు కలవు. అవి ఇంగ్లీషులో నిపుణములు, తెలుగులో ఇంకను అభ్యాసకులు. పకారమును వకారముగా, ధకారమును థకారముగా, నకారమును సకారముగా పొరబడుచుండును. అక్షరములు చెరగిన పాత ముద్రణలో 'పాలు' కాస్త 'వాలు' అగును. అరసున్నను మరకగా, మరకను అరసున్నగా గ్రహించును. బండి ఱకారము, శకటరేఫమన్న పేరు కూడ వినని బాలునిచేత ఆ ప్రతిని దిద్దించినచో తప్పు మరింత స్థిరపడును. ఈ పని తెలుగు చదివినవారిది. కృత్రిమ మేధయనిన ఇంజనీర్ల విషయమని తెలుగు ఉపాధ్యాయులు తొలగి నిలిచియున్నారు. నిజమునకు వారి చేయి పడనిదే ఈ పని ఒక్క అడుగు సాగదు.

చేయి వేసినవారును లేకపోలేదు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా, దాని సోదరసంస్థయైన వికీసోర్సు ఏ వేతనము లేని ఔత్సాహికుల కృషితో పెరిగినవి. 2014 తరువాత విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు ఆ పనిలో పాల్గొనిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి తెలుగు కథల పుటలను అక్షరబద్ధము గావించి, ఆ రాశితో కథలు చెప్పు చిన్న యంత్రమును రూపొందించినది. ప్రభుత్వపక్షమున 2022లో 'భాషిణి' ఆరంభమైనది. ఎవరైనను తమ గొంతుతో వాక్యములు చదివి సమర్పించుటకు అందులో 'భాషాదాన్' అను ఏర్పాటున్నది. మద్రాసు ఐఐటీలోని 'ఏఐ ఫర్ భారత్' బృందము తెలుగుతో సహా 22 భాషల వ్రాతలను, పలుకులను సేకరించి బహిరంగముగా నుంచుచున్నది. 2025 మార్చిలో దత్తాంశముల ఉమ్మడి భాండాగారముగా 'ఏఐ కోశ్' వెలసినది. ప్రయత్నములు అనేకము. వానిని కలుపు కాలువ, వానికొక శాశ్వత కాపుదారు లేడు.

ఉమ్మడి భాండాగారమును నిలుపుట యెట్లో బెజవాడ ఒకమారు దేశమునకు చూపినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఈ పట్టణమున చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతను ఆంధ్రదేశములోని గ్రంథభాండాగారముల ప్రతినిధులు సమావేశమైరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. దానికి ప్రాణము అయ్యంకి వెంకటరమణయ్య. గ్రంథాలయములు అంతకుముందును కలవు. ఐనను, ఊరూర విడివిడిగా నున్న పుస్తకపు బీరువాలను ఒక వ్యవస్థగా చేయవలెనని తలచిన సభ యిది. ఏ పుస్తకము ఎక్కడ నున్నదో పట్టిక వ్రాయుట, పట్టికను అందరు ఒకే పద్ధతిలో వ్రాయుట, చదువరికి చదువు చెప్పుట కూడ గ్రంథాలయపు పనియే యని ఒప్పుకొనుట ఆనాటివారు పట్టుబట్టి సాధించిన సంగతులు. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు జిల్లా కాలువలలో పడవపై గ్రంథాలయమును నడిపించిరి. ఆనకట్ట వలన కాలువ వచ్చినది, కాలువపై పుస్తకము వచ్చినది. చదువరి పట్టణమునకు రాలేనపుడు పుస్తకమే లాకులు దాటి పల్లె రేవునకు పోయినది. ఆ పడవను నడిపినవారికి నేటి జిల్లా గ్రంథాలయపు వార్షికవ్యయములో వందవవంతు ధనమైనను ఉండియుండదు.

ఉత్సాహము ఒక తరముతో చల్లారునని ఎరిగినవారే గనుక చట్టము కొరకును పోరాడిరి. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఇంటిపన్నుతో పాటు వసూలగు గ్రంథాలయ సెస్సు దాని జీవనాధారము. వసూలైన సెస్సు స్థానికసంస్థల ఖాతాలలో నిలిచిపోవుట, గ్రంథపాలకుల ఖాళీలు భర్తీ కాకపోవుట వేరు కథ. సూత్రము మాత్రము గట్టిది: గ్రంథాలయము దాతల దయపై గాక ప్రజల పన్నుపై నిలువవలెను. డిజిటల్ లైబ్రరీకి ఈ అండయే లోపించినది.

ఇక్కడ ఇంకొక మాట వినవచ్చుచున్నది. పెద్ద సంస్థలు యంత్రములను ఉచితముగనే వాడనిచ్చుచుండగా ప్రభుత్వమేల కోట్లు వెచ్చింపవలెను? 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పనున్నట్లు ప్రకటించినది. రాష్ట్రమునకు అట్టి పెట్టుబడి రావలసినదే. కాని సముద్రతీరమున నిలిచినంతమాత్రమున ఆ యంత్రము తీరవాసుల ఉమ్మడి సొత్తు కాదు. దానిపై ఏ భాషకు ఎన్ని గంటలు కేటాయింపవలెనో దాని యజమాని నిర్ణయించును, అది అతని హక్కు. జమీందారు త్రవ్వించిన చెరువు నుండి ఊరు నీరు త్రాగవచ్చును. గట్టుమీద మాట మాత్రము జమీందారుదే. ఇట్టి సంస్థలకు పుట్టినిల్లయిన అమెరికా దేశమే 2024 జనవరిలో పరిశోధకులకొక జాతీయ ఉమ్మడి వనరును ప్రయోగాత్మకముగా ఆరంభించినది. తమ ఆచార్యులు, విద్యార్థులు సైతము నాలుగైదు కంపెనీల గుమ్మముల ముందు నిలువవలసివచ్చుచున్నదని ఆ దేశము గ్రహించినది. మన ఏర్పాటులోను ఒక మెలిక యున్నది. 65 రూపాయల యంత్రములు అధికభాగము ప్రైవేటు సంస్థలవి. ప్రభుత్వము అద్దెలో పాలు పంచుకొనుచున్నది. అద్దె ఒప్పందము ముగిసిన నాడు మిగులునది పరిశోధకులు చేసిన పని మాత్రమే. కనుక ప్రజాధనపు గంటలతో తయారైన యంత్రములు, శుద్ధిచేసిన దత్తాంశములు ఉమ్మడి భాండాగారమునకు తిరిగి చేరవలెనని నియమముండుట న్యాయము.

సేకరణలో తొందరపాటు తగదు. భారతీయ చట్టము ప్రకారము గ్రంథముపై హక్కు గ్రంథకర్త మరణించిన తరువాత 60 ఏండ్లు నిలుచును. చిలకమర్తి, కొమఱ్ఱాజు లక్ష్మణరావు మొదలైనవారి రచనలు ఎల్లరివి. 1971లో కీర్తిశేషులైన జాషువ రచనలు 2031 చివరివరకు, విజయవాడలో జీవించి 1976లో పరమపదించిన విశ్వనాథ సత్యనారాయణ రచనలు 2036 చివరివరకు హక్కుదారులవి. దేశమునకు మేలని చెప్పి వానిని అడుగకయే యంత్రమునకు వడ్డించుట దొంగతనమును సంస్కరించుట మాత్రమే. అనుమతి యడిగి, ఉచితమైన మూల్యము చెల్లించి తీసికొనుట రాష్ట్రప్రభుత్వమునకు అసాధ్యము కాదు. పిల్లల గొంతుల విషయమున మరింత జాగ్రత్త కావలెను. పాఠశాలలో పద్యములు చదివించి ధ్వనిముద్రణ చేసి పంపుట సులభము, ఉత్సాహకరము. కాని 18 ఏండ్లు నిండనివారి వ్యక్తిగత సమాచారమును వినియోగించుటకు తలిదండ్రుల అనుమతి ఉండవలెనని 2023 నాటి చట్టము విధించుచున్నది. పుస్తకము దానమిచ్చినవానికి అది ఏ అరలో నుండునో తెలియును. గొంతు దానమిచ్చువారికిని ఆ మాత్రము తెలియవలెను.

డెల్టాలో పని ఎచ్చట మొదలు పెట్టవలెనన్న, క్రొత్త భవనములు అక్కరలేదు. జిల్లా గ్రంథాలయములున్నవి. మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము, గుంటూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయము, విజయవాడలో పలు కళాశాలలున్నవి. గ్రంథాలయ సెస్సునుండి ఒక్కొక్క జిల్లా కేంద్రమున ఒక స్కానరు, ఒక బల్ల, దిద్దుబాటు తెలిసిన ఒక ఉద్యోగి చాలును. ఇండియా ఏఐ యంత్రకాలములో కొన్ని గంటలను ఆ కేంద్రము పేర ముందుగనే కేటాయించి, చిన్న కళాశాలలకు వంతుల ప్రకారము పంచవచ్చును. వంతు శివారునుండి మొదలుకావలెను. తలవద్ద నున్నవాడు తన నీటిని ఎట్లైనను తెచ్చుకొనును. తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు ఒక పాత గ్రంథమును దిద్దుట లఘువ్యాసముతో సమానముగా పరిగణించి మార్కులు వేసినచో పరిష్కరణ విద్యయు నిలుచును, రాశియు పెరుగును. ఇప్పుడు విశ్వవిద్యాలయములలో ఒకే అంశముపై ఏటేట వెలువడుచున్న లఘువ్యాసముల కన్న ఇది ఉపయుక్తమని ఆచార్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మొదటి రాశిని వెదకుటకు దూరము పోవలసిన పని లేదు. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనమున పాత తెలుగు పత్రికల సంపుటములున్నవి. ధరవరలు, కరవులు, సభలు, నాటకములు, పెండ్లిపిలుపులు, మందుల ప్రకటనలు, ఆనాటి బజారుభాష, పండితభాష ప్రక్కప్రక్కన ముద్రితమైన పుటలవి. 60 ఏండ్లు దాటిన సంచికలలో పేరు లేక వెలువడిన వార్తలపై హక్కుల తగవు కూడ లేదు. వార్తాపత్రికల కాగితము నూరేండ్లకు పెళుసుబారి, మడత విప్పగనే మడతవద్ద విరుగును. వేసవి సెలవులున్నవి. బాపట్ల, గుంటూరు, కృష్ణా జిల్లాల తెలుగు ఉపాధ్యాయులు ఇరువదిమంది వంతులవారీగా అచ్చటికి పోయి కూర్చుండుటకు కావలసిన రానుపోను ఖర్చులు, భోజనపు ఖర్చులు ఏ జిల్లా గ్రంథాలయ సంస్థ బడ్జెటులోనైనను ఒక పద్దుగా ఇముడును.